రెండో పూరేడు

విడవలూరు,
ఆగస్టు నెలాఖరు.

తాతకు,

కరుణ వందనాలు. నీకు ఫోను చేసి లాభం లేదు. పోయినసారి చేసినప్పుడు నేను ఒకటడిగితే నువ్వు ఇంకొకటి చెప్పావు. నా మాటలు వీధంతా విన్నది, నువ్వు తప్ప. అందుకే రాస్తున్నాను. ఐదో తరగతితో బడి ఆగిపోయినా, బైబిలు ముందు పెట్టి నాకు అక్షరాలు వదలకుండా చేసింది నువ్వే కదా. నోటితో రానివి కాగితం మీద కాస్త వస్తాయి.

నేను బాగున్నాను. అత్త బాగుంది. ఆయనకే కొంచెం నలతగా ఉంది. డ్యూటీకి సెలవు పెట్టాడు. తొమ్మిదేళ్ల వాచరు ఉద్యోగంలో ఇన్ని రోజులు అడవి మొహం చూడకుండా ఉండడం ఇదే మొదలు.

నిన్న గంజి తాగుతూ మధ్యలో ఆగి, "మీ తాత ఆ పొద్దు పెట్టిన కూర ఇంకోసారి తినాలని ఉండాది కరుణా" అన్నాడు. ఏ పొద్దో నీకు గుర్తుండే ఉంటుంది. పిట్టలకు పెట్టే నీ ఉరులు పట్టుకోవడానికి ఎండలో బండి మీద వచ్చినవాణ్ణి ముందు అన్నం తినమన్నావు. నేను తల ఎత్తకుండా వడ్డించాను. రెండుసార్లు వేయించుకుని, ఎముకను వేళ్ల మధ్య తిప్పి చూస్తూ ఇదేం కూర అని అడిగాడు. ఇంటి కోడి అన్నావు. "మీ ఇంటి కోడికి కాళ్లు అగ్గిపుల్లల మాదిరి ఉండాయే" అన్నాడు. నేను లోపలికి పరుగెత్తి చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఆ వారమే మళ్లీ వచ్చి నన్ను పెళ్లికిమ్మని అడిగాడు. పిల్లనిస్తే ఉరులు కాల్చేయాలన్నాడు. నువ్వు పాస్టరుగారి ఎదుట కాల్చావు.

పూరేడు పిట్ట కావాలని ఆయనే అనేసరికి నాకు భయమేసింది. నా మొహం చూసి, "పట్టింది వద్దు. మీ తాతను అడగొద్దు. కొనుక్కుని, పది మంది చూస్తుండగా వండుకుని తినే దారేదన్నా ఉంటే చూడు. లేకుంటే లేదు" అన్నాడు.

నెల్లూరులో ఫారం కౌజులు అమ్ముతారట. కోడిలాగే పెంచినవి, కొని తింటే తప్పు లేదని ఆయనే చెప్పాడు. చూడడానికి మన పూరేడులాగే ఉంటాయట. వాటితో నీ పులుసు ఎలా పెట్టాలో రాయి. మిరియాలు ఎప్పుడు వేస్తావో నేను ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

నీ మనవరాలు,
కరుణాకుమారి


ముత్తుకూరు,
సెప్టెంబరు.

తల్లీ కరుణమ్మా,

తాత క్రీస్తురాజు దీవెనలు. నీ ఉత్తరం వచ్చినప్పుడు అరుగు మీద ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. పిల్లి సన్యాసం పుచ్చుకుందని విన్నాను గానీ, సన్యాసికి ఎలుక మీద మనసు పోయిందని ఇప్పుడే వింటున్నాను. మీ ఆయనకు చెప్పు, ఆ రోజు ఆయన మూడుసార్లు వేయించుకున్నాడు. రెండు కాదు.

మిరియాలు దించేముందు వెయ్యాలి. దాని సంగతి తర్వాత. ముందు పిట్ట సంగతి. ఫారం కౌజు పిట్ట కాదమ్మా, రెక్కలున్న కోడిగుడ్డు. కూర్చున్నచోటే మేత, కూర్చున్నచోటే నీళ్లు. దానికి ఆకలి తెలియదు, భయం తెలియదు. అలాంటిదాని కండకు రుచి ఎక్కడినుంచి వస్తుంది? దూది నమిలినట్టుంటుంది. నా పులుసు పోసినా అది మారదు.

దారి ఒకటి ఉంది. ప్రాణంతో ఉన్నవి కొను. వెడల్పాటి గూడు చేయించి నేలమీద పెట్టు, పైన రేకు కాకుండా గోనె కట్టు. బెదిరితే ఈ జాతి నిలువునా ఎగురుతుంది, రేకైతే తల పగులుతుంది. ఫారం మేత ఆపేయి. కింద ఇసుక పోసి ఊద గింజలు, కొర్రలు, గరిక గింజలు అందులో కలిపెయ్యి. గిన్నెలో పెట్టొద్దు, వెతుక్కోవాలి. పాత కుండలో ఎండుగడ్డి, పేడ కుక్కి, తడిపి, చెదలున్న చోట బోర్లించు. తెల్లారేసరికి లోపల చెదలు పడతాయి, దులిపి వెయ్యి. పది రోజులకు పిట్ట చిక్కుతుంది. భయపడొద్దు. ఆ పసుపు కొవ్వు పోవాలి. తర్వాత కండ నల్లబడుతుంది. నెల దాటాక కొయ్యి. పూరేడు కాదు గానీ, పూరేడుకు చుట్టమవుతుంది. దీనికి ఏ అధికారీ అడ్డు చెప్పడు.

ఒక మాట. నువ్వు నీళ్లకు పోయి కాలు జారినా అరపేజీ రాసే పిల్లవు. మీ ఆయన జబ్బు గురించి 'నలత' అని ఒక్క ముక్క రాసి దాటిపోయావు. నలత పడ్డవాడు గంజి ఎందుకు తాగుతున్నాడు? నా తుంటి విరిగినప్పుడు కూడా నేను ముద్ద పప్పు తిన్నాను. నిజం రాయి.

తాత


విడవలూరు,
సెప్టెంబరు.

తాతకు,

నిజం రాస్తున్నాను. ఆయనకు అన్నం దిగే గొట్టంలో గడ్డ. రెండు నెలల కిందట నెల్లూరులో చూపించాం. ముదిరిందన్నారు. మందులు పెట్టి చూశారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. దారి పూర్తిగా మూసుకుపోతే కడుపుకు గొట్టం వేస్తామన్నారు. ఆయన వద్దన్నాడు. "నోటితో తిన్నన్నాళ్లు తింటా. తర్వాత దేవుడిష్టం" అన్నాడు. ఇప్పుడు గంజి, పులుసునీళ్లు, మెత్తగా నలిపినవి దిగుతున్నాయి. ఎంత కాలం దిగుతాయో ఎవరూ చెప్పలేదు. నీకు రాస్తే అది నిజమైపోతుందని రాయలేదు.

అందుకే నాకు ఈ కూర కావాలి తాతా. ఆయన ఇంతవరకు నన్ను ఏదీ అడగలేదు. నేను ఎవరినీ ఏదీ అడగలేను కాబట్టి ఆయనా అడగకుండా ఉండేవాడేమో. ఇది ఒక్కటే అడిగాడు.

నెల్లూరుకు ఒంటరిగా బస్సెక్కడం నాకు ఇదే మొదలు. కోళ్ల దుకాణం ముందు జనం తగ్గేదాకా నిలబడ్డాను. చివరికి అతనే పిలిచి ఏం కావాలమ్మా అన్నాడు. ప్రాణంతో కావాలంటే, పెంచుకుంటావా తింటావా అని నవ్వాడు. ఎనిమిది తెచ్చాను. అత్త వాకిట్లోనే నిలబడి, "కొడుక్కి గంజి దిగకుండా పోతా ఉంటే దీనికి పిట్టలాట కావాల్సొచ్చింది" అంది. నేను పిట్టల్ని నీడకు చేర్చాను. ఆమె మాత్రం ఎవరిని అంటుంది, నన్ను కాక.

నీ ఉత్తరం అందకముందే ఒకదాన్ని వండేశాను. ఎముకలన్నీ తీసి, నలిపి, పులుసుతో పెట్టాను. ఆయన నోట్లో కాసేపు ఉంచుకుని బాగుండాదన్నాడు. తర్వాత గిన్నె కడగబోతే ఆ ముద్ద అంచున దాచి ఉంది. ఆయన అబద్ధం చెప్పగా చూడడం నాకు అదే మొదటిసారి.

మొన్న ఆయన్ని చూడడానికి సెక్షన్ ఆఫీసరుగారు వచ్చారు. టీ ఇచ్చి లోపలికి పోకుండా అక్కడే నిలబడ్డాను. రోగి కోసం ఒక్క పూరేడును పట్టుకోవడానికి పర్మిషను ఇస్తారా అని అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "పైరు తొక్కే పందుల్ని కాల్చడానికైతే ఒక కాగితం ఉందమ్మా. అదీ కాల్చి పూడ్చాల్సిందే, వండుకోకూడదు. తినడానికి పిట్టను పట్టే కాగితం ఏ ఆఫీసులోనూ లేదు" అన్నారు. మంచం మీద ఈయన నవ్వబోతే దగ్గొచ్చింది. "తొమ్మిదేళ్లు ఊరూరా తిరిగి చెప్పింది ఇంట్లో చెప్పలేదని సార్ ముందర పరువు తీసినావే" అన్నాడు. ఆఫీసరుగారు పోయేటప్పుడు గేటు దగ్గర చాలాసేపు చెప్పులు వేసుకున్నారు.

మిగిలిన ఏడింటికి గూడు కట్టాను. కుండ కూడా బోర్లించాను. నెల అన్నావు. తగ్గించే ఉపాయం ఉంటే రాయి.

కరుణ


ముత్తుకూరు,
సెప్టెంబరు.

తల్లీ,

నీ ఉత్తరం చదివి మడిచాను. మళ్లీ తెరవలేకపోయాను. నవ్వుతూ రాసిన నా మాటలు ఆ అబ్బాయికి చదివి వినిపించి ఉంటావు. నన్ను క్షమించమను.

తగ్గించే ఉపాయం లేదు. చెదలు రెండు పూటలా వెయ్యి. గూటిలో చిల్లకంప కొమ్మ ఒకటి పెట్టు, దాక్కోవడానికి చోటుంటే పిట్టకు తను పిట్టనని గుర్తొస్తుంది. ఎంత మేపినా రెండు మాత్రం మారవు. మగ పూరేడుకు ఎద మీద మసి పూసినట్టు నల్ల మచ్చ ఉంటుంది, ఫారం దానికి ఉండదు. గొంతూ అంతే. వానపడ్డ పొలంలో మన పూరేడు రెండు దెబ్బలుగా విట్, విట్ అని పిలుస్తుంది. ఫారంది కప్పకు జలుబు చేసినట్టు గరగరలాడుతుంది. నాకు చెవులు పోయాక ఆ పిలుపు కలలో తప్ప వినలేదు. కలలో కూడా ఇప్పుడు పిట్ట నోరు ఆడుతుంది గానీ చప్పుడు రాదు.

నువ్వు నన్ను ఆ ఒక్కటీ అడగలేదు. అడగవని తెలుసు. నేను మాట ఇచ్చింది పాస్టరుకు కాదు, వాడికి.

కాలు కదిలితే వచ్చేవాణ్ణి. నువ్వు తిను. రోగి పక్కన ఉన్నవాళ్లు తినడం మర్చిపోతారు.

తాత


విడవలూరు,
అక్టోబరు.

తాతకు,

పిట్టలు చిక్కాయి, నువ్వన్నట్టే. ఆయన మంచం వసారాలోకి మార్పించుకున్నాడు, గూడు కనిపించేలా. రోజంతా వాటినే చూస్తాడు. ఒక్కోదానికి ఒక్కో ఆఫీసరు పేరు పెట్టాడు. అందరికంటే ఎక్కువ తిని ఎవరినీ దగ్గరికి రానివ్వనిదాని పేరు రేంజరు. చెదలు వేసేటప్పుడు, "రేంజరుకు వాటా ముందు, లేకుంటే ఫైలు కదలదు" అంటాడు. అత్త కూడా నవ్వింది. ఇప్పుడు పొద్దున్నే గరిక గింజలు దూసి తెచ్చేది అత్తే. కొంగులోంచి గూటిలోకి దులిపి పోతుంది.

నిన్న ఒకదాన్ని కోశాను. నెల కాలేదు. కానీ ఆగలేకపోయాను తాతా, ఎందుకంటే మొన్నటినుంచి గంజి కూడా చెంచాతో పోస్తే సగం తిరిగి వస్తోంది. కొవ్వు తగ్గింది, కండ రంగు మారింది. పులుసునీళ్లు నాలుగు చెంచాలు తాగాడు. కళ్లు మూసుకుని, "దారిలో ఉండాది. ఇంకా ఊరు చేరలా" అన్నాడు. నాకు సంతోషమేసింది, ఏడుపూ వచ్చింది. పిట్ట ఊరు చేరేదాకా ఈయన గొంతు ఆగుతుందా అని.

ఇప్పుడు రోజూ నా చెయ్యి పట్టుకుని నిద్రపోతున్నాడు. పెళ్లయిన ఐదేళ్లలో అత్త చూస్తుండగా నా చెయ్యి పట్టుకోలేదు. సిగ్గుగా ఉంటుంది. తీసుకోను.

ఇక్కడ వానలు పడ్డాయి. సరుగుడు తోటల పక్క బీడులో పూరేళ్లు పిలుస్తున్నాయి. ఆయన కళ్లు మూసుకుని వింటాడు. మగది ఎక్కడుందో, ఎటు నడుస్తోందో వేలితో చూపిస్తాడు. లేచి పోయి చూడు, అక్కడే ఉంటుంది అంటాడు. నేను పోను. పోతే చేతులు ఊరుకోవేమోనని.

నేను నిన్నేమీ అడగడం లేదు తాతా. ఊరికే రాశాను.

కరుణ


ముత్తుకూరు,
అక్టోబరు నెలాఖరు.

కరుణమ్మకు,

ఈ ఉత్తరాన్నీ, ఒక తట్టనూ చేపల వ్యాను నడిపే పోలేరయ్య చేతికి ఇస్తున్నాను. మీ వైపే వస్తున్నాడు, ఈ పూటే అందిస్తాడు. పోస్టుకు ఇది ఆగదు.

తట్టలో రెండు పిట్టలున్నాయి. నీ మొదటి ఉత్తరం చూసిన వారమే నేను కూడా ఫారం కౌజులు తెప్పించి ఇక్కడ మేపుతున్నాను. నీకు చెప్పలేదు, నావి చచ్చిపోతే నీకు ఆశ పెట్టినట్టవుతుందని. వీటికి నెల దాటింది. కొన్న పిట్టలే. ఈ ముక్క అబ్బాయికి గట్టిగా చదివి వినిపించు.

తట్టలో ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి, ఒకదాని ఎద మీద ఈకలు రాలిపోయాయి. పట్టించుకోకు. ఈ పూటే ఒకటి వండు. మంట మీద కాల్చి, ఉప్పూ పసుపూ రాసి, మట్టి దాకలో. మిరియాలు దించేముందు.

తాత


విడవలూరు,
నవంబరు.

తాతకు,

ఆయన పోయాడు. పోలేరయ్య నీకు చెప్పే ఉంటాడు. సమాధి దగ్గరికి డిపార్టుమెంటువాళ్లు వచ్చారు. సెక్షన్ ఆఫీసరుగారు ఆయన టోపీ తెచ్చి పెట్టె మీద పెట్టి, మళ్లీ తీసి నా చేతికి ఇచ్చారు. పాస్టరుగారు చాలాసేపు ప్రార్థన చేశారు. నాకు ఒక్క మాటా గుర్తు లేదు.

నువ్వు తెలుసుకోవాలి కాబట్టి మిగతాది రాస్తున్నాను. నీ పిట్టలు వచ్చిన పూటే ఒకటి వండాను. దాకలో, నువ్వు చెప్పినట్టే. మిరియాల వాసన వసారాలోకి పోగానే ఆయన కళ్లు తెరిచాడు. వారం రోజులుగా ఆయన ఆకలి అనలేదు. ఆ పూట అన్నాడు.

కండను నూలు పోగుల్లా చీల్చి పులుసులో నలిపాను. మొదటి చెంచా నాలుక మీద పెట్టుకుని ఆగిపోయాడు. మింగలేదు. నా వైపు చూశాడు. ఎప్పుడూ అలా చూడలేదు, ఎవరి గుడిసెలోనో ఉరులు వెతుకుతున్నప్పుడు అలా చూస్తాడేమో.

"కొన్నదేనా కరుణా?" అన్నాడు.

నీ ఉత్తరం పక్కనే ఉంది. అందులో ఉన్నదే చెప్పాను. కొన్నదే అన్నాను.

"నువ్వు జెప్తే సరే" అని మింగాడు. అది దిగింది తాతా. ఎలా దిగిందో తెలియదు. గిన్నెలో సగం దాకా తిన్నాడు. అత్త గడప దగ్గర కూర్చుని ప్రతి చెంచాకూ దేవుడికి స్తోత్రం అంటోంది. అదే ఆయన తిన్న చివరి తిండి. మర్నాడు నీళ్లు కూడా దిగలేదు. సాయంత్రం పోయాడు.

రెండో పిట్ట లేదు. నా ఫారం పిట్టలు ఆరు ఉన్నాయి. రేంజరు బాగా తింటోంది.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

కరుణాకుమారి


ముత్తుకూరు,
నవంబరు.

తల్లీ,

నీ పేరు మొత్తం రాశావు. నాకు రాసేటప్పుడు కరుణ అని ముగిస్తావు. మొదటి ఉత్తరంలో ఒకసారి మొత్తం రాశావు, అప్పుడు నువ్వు ఏదో దాస్తున్నావు.

నేను ఇక దాచలేను. ఆ రెండూ కొన్నవి కావు. నేను ఫారం పిట్టలు తెప్పించనే లేదు. కర్ర పట్టుకుని ఇంటి వెనక బీడు దాకా పోయి, గుర్రపు వెంట్రుకతో కొత్త ఉరులు అల్లి పెట్టాను. పాతవి నిజంగానే కాల్చాను, అందులో మోసం లేదు. ఒకటి ఆడది, ఒకటి మగది పడ్డాయి. మగదాని ఎద మీది నల్ల ఈకలు నేనే పీకేశాను, నీకు తెలియకూడదని. పాపం నా ఒక్కడిదే కావాలనుకున్నాను. నువ్వు శుభ్రమైన చేతులతో పెట్టాలి, వాడు శుభ్రమైన నోటితో తినాలి అనుకున్నాను.

ఇప్పుడు నువ్వు రాసింది చదివాక ముద్ద మింగలేకపోతున్నాను. వాడు నిన్ను అడిగాడు. నువ్వు నా మాట వాడికి చెప్పావు. ప్రాణం పోయేవాడి ముందు నీ నోటితో అబద్ధం చెప్పించాను.

రెండోది లేదన్నావు. చచ్చిపోయిందా? వండావా? పట్టుబడ్డావా? ఆఫీసరు వచ్చి అడిగితే నా పేరు చెప్పు. ఈ ముసలివాణ్ణి ఏం చేసుకుంటారో చేసుకోనీ.

తిడుతూ అయినా రాయి.

తాత


విడవలూరు,
డిసెంబరు.

తాతా,

ఇన్నాళ్లు రాయనిది కోపంతోనే. నీ మీద సగం.

నువ్వు నాతో అబద్ధం చెప్పించలేదు. తట్ట తెరవగానే నాకు తెలిసింది. పిట్టలు పొడుచుకుంటే ఈకలు తలమీద, వీపుమీద రాలతాయి. ఎద మీద రూపాయి బిళ్లంత చోట, అంత నున్నగా, మనిషి పీకితే తప్ప రాలవు. నీ ఇంట్లో పెరిగినదాన్ని, నాకు తెలియదా? ఆ తట్ట ముందు కూర్చుని ఆలోచించాను. నా గూట్లో కొన్న పిట్టలున్నాయి. వాటిలో ఒకటి కోసి నీదని చెప్పొచ్చు, నీ రెంటినీ వదిలేయొచ్చు. లోపలినుంచి ఆయన, "పోలేరయ్య ఏం తెచ్చినాడే" అని అడిగాడు. ఆ గొంతు విని నీ రెంటిలో ఆడపిట్టను కోశాను. నీ ఉత్తరం నువ్వు చెప్పినట్టే గట్టిగా చదివాను. కొన్నదే అన్నది నేనే, తెలిసే అన్నాను. నీ పాపం నీ ఒక్కడిదే అనుకోకు.

మగదాన్ని మర్నాటికి ఉంచుదామని నా పిట్టలతో పాటు గూట్లో పెట్టి గోనె కప్పాను. ఇంకొక పూట తింటాడని ఆశ. ఎద కనిపించకపోతే చాలనుకున్నాను. నువ్వు వినలేవు కాబట్టి నీకు తట్టలేదు. వినగలిగిన నాకూ తట్టలేదు.

తెల్లవారుతుండగా వాన ఆగింది. గూట్లోంచి అది పిలిచింది. విట్, విట్. ఆగి మళ్లీ విట్, విట్.

నేను వసారాలో కింద పడుకుని ఉన్నాను. ఆయన మేలుకునే ఉన్నాడని నాకు తెలుసు, నా చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. ఆ చెయ్యి బిగుసుకుంటుందని, విదిలించుకుంటుందని చూశాను. అలాగే ఉంది. బయట బీడులోంచి ఇంకొకటి జవాబు పలికింది.

"రెండోది పిలస్తా ఉండాది కరుణా" అన్నాడు. గొంతు దాదాపు లేదు, గాలి మాత్రమే. "పొద్దెక్కితే కాకులు చూస్తాయి. గట్టు మీదికి తీసుకుపోయి వదిలేసి రా."

ఇంకేమీ అడగలేదు. నేను లేచి పోయి దాన్ని కొంగులో చుట్టుకున్నాను. దాని గుండె నా అరిచేతిలో కొట్టుకుంటోంది. బీడు గట్టు మీద చేతులు తెరిచాను. ఒక్క క్షణం నిలబడింది. తర్వాత గడ్డి మీదుగా రెక్కల చప్పుడు చేస్తూ తీరం వైపు, సరుగుడు తోట దాటి పోయింది. నా ఫారం పిట్టలు గూడంత ఎత్తు కూడా ఎగరలేవు.

తిరిగి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. పోయిందా అన్నట్టు చూశాడు. పోయిందన్నాను. అప్పుడు నా చేతిని దగ్గరికి లాక్కుని ఒక మాట చెప్పాడు. నీకు చెప్పమన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు. అదే చివరి మాట.

అది నీకు పోయిన ఉత్తరంలోనే రాయాల్సింది. రాయలేదు. నాకు కాకుండా నీకు చెప్పిపోయాడని కోపం. మిగిలిన సగం కోపం ఆయన మీదే. తెలిసీ తిన్నాడు, నా అబద్ధాన్ని నా మొహం చూస్తూ మింగాడు. తొమ్మిదేళ్లు ఎవరింటా పచ్చి నీళ్లు కూడా ఊరికే తాగని మనిషి. ఎందుకు తిన్నావని అడిగే వీలు లేకుండా పోయాడు. నాకేమో అడగడం ఇప్పుడిప్పుడే వస్తోంది.

వచ్చే శుక్రవారం బయలుదేరి వస్తాను. అత్తను కూడా తీసుకొస్తాను, ఒక్కతే ఉండలేకపోతోంది. ఆరు పిట్టలనూ తెస్తాను, ఇక్కడ వాటిని చూసి నేను ఉండలేను. నీ కొత్త ఉరులు నేను వచ్చేదాకా ఉంచు, నా చేత్తో కాలుస్తాను. కూరలేమీ చెయ్యకు. మజ్జిగన్నం చాలు.

ఆయన చెప్పమన్నది ఇది: "మీ తాతకు జెప్పు, ఇంటి కోడి ఈసారి కూడా బాగుండాదని."

చెప్పాను తాతా.

కరుణ